రద్దుకాని మిరాసీ

1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో గ్రామాల్లోని వంశపారంపర్య ఉద్యోగాలను రద్దు చేసింది. ఆంధ్ర ప్రాంతంలో కరణం, మునసబు, తెలంగాణాలో మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ - తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు దిగివస్తున్న ఈ పదవులన్నీ ఒక్కసారిగా చరిత్రలోకి వెళ్లిపోయాయి. భూమి లెక్క ఎవరి సంచిలో వుంటే వూరు వాళ్ల గుప్పిట్లో వుంటుందన్న సంగతి తెలంగాణా పల్లెలకు ఎవరూ చెప్పనక్కరలేదు. కోర్టుకెళ్లిన ఉద్యోగుల వాదన నిలవలేదు. 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది.

1986లో వచ్చిన మరొక చట్టం హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా జన్మహక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమలయింది. అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకు మాత్రం వర్తించలేదు. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి మరో ఇరవై ఏళ్లు, 2005 దాకా పట్టింది. 1987లో వచ్చిన దేవాదాయ చట్టం అర్చకుల, మిరాసీదార్ల వంశపారంపర్య హక్కులను తొలగించింది. దీన్ని కూడా సుప్రీంకోర్టు 1996లో సమర్థించింది.

మూడు చట్టాలూ తెచ్చిన ప్రభుత్వం ఒక్కటే. దాని అధినేత నందమూరి తారక రామారావు. పట్వారీ కొడుకు పట్వారీ కానక్కరలేదు, అర్చకుడి కొడుకు అర్చకుడు కానక్కరలేదు అని శాసించిన ఆ నాయకుడు స్థాపించిన పార్టీ, నాలుగు దశాబ్దాల తర్వాత ఆయన అల్లుడి నాయకత్వంలో, ఆయన మనవడి ఎదుగుదల నీడలో వుంది. వూరి మిరాసీ పోయింది, రాష్ట్ర మిరాసీ నిలిచింది. ఇదెలా జరిగింది?

దీన్ని ఒక వ్యక్తి మాటకూ చేతకూ పొంతన లేకపోవడంగా తేల్చేస్తే మనకు తెలిసివచ్చేది ఏమీ లేదు. రక్తంలో ఏదో మహత్తు వుందనుకోవడం ఎంత అమాయకత్వమో, కేవలం పుత్రప్రేమ అనుకోవడమూ అంతే అమాయకత్వం. ఒక రాజకీయ కుటుంబంలో తరం నుంచి తరానికి నిజంగా చేతులు మారేది ఏమిటి అన్న ప్రశ్న వేసుకుంటే దారి దొరుకుతుంది.

వంశావళి ఎప్పుడు పుడుతుంది?

తెలుగు సాహిత్య విద్యార్థికి వంశం కొత్త మాట కాదు. ప్రబంధం తెరవగానే అవతారికలో కృతిభర్త వంశావళి ఎదురవుతుంది. మనుచరిత్రలో పెద్దన కృష్ణదేవరాయల వంశాన్ని చంద్రుడి దగ్గర మొదలుపెట్టి తుర్వసుడి మీదుగా దింపుకొస్తాడు. చదువుకునేటప్పుడు దీన్ని మనం కావ్యమర్యాదగా దాటవేస్తాం. కాని చరిత్ర చెప్పేది వేరు. రాయల తండ్రి తుళువ నరసనాయకుడు సాళువ నరసింహుడి సేనాని. 1491లో రాజు చనిపోతే ఆయన కొడుకులకు సంరక్షకుడిగా వుండి రాజ్యాధికారం చేతుల్లోకి తీసుకున్నాడు. 1505లో నరసనాయకుడి పెద్దకొడుకు తానే సింహాసనమెక్కాడు. 1509లో రాయలు వచ్చాడు. అంటే చంద్రుడి నుంచి అధికారం దిగిరాలేదు. అధికారం చేజిక్కిన తర్వాత చంద్రుణ్ణి వెతికి పట్టుకొచ్చారు.

వంశావళి గతాన్ని వర్ణిస్తున్నట్టు కనిపిస్తూ భవిష్యత్తుకు పట్టా రాస్తుంది. సంపాదించినదాన్ని సంక్రమించినదిగా చూపడం దాని పని. ఈ సూత్రం ఆధునిక రాజకీయ కుటుంబాలకు కూడా చెల్లుతుంది. రాజుల స్థానంలో పార్టీ అధ్యక్షులు వచ్చారు, తాటాకు స్థానంలో తెర వచ్చింది.

నిమ్మకూరు నుంచి నాచారం దాకా

రామారావు 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు కుటుంబంలో పుట్టారు. గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర, కృష్ణ మీద బెజవాడ దగ్గర 1850లలో ఆనకట్టలు కట్టాక డెల్టా భూములకు నీరొచ్చింది, మిగులు వచ్చింది. ఆ మిగులు మొదట రైసుమిల్లుల్లోకి, తర్వాత రవాణాలోకి, చదువుల్లోకి, సినిమాల్లోకి ప్రవహించింది. మద్రాసులో తెలుగు సినిమా నిలదొక్కుకోవడం వెనక డెల్టా ధనిక రైతాంగపు పెట్టుబడి వుంది. ఆ రైతాంగంలో కమ్మ కులస్థులది పెద్ద పాలు. గుంటూరులో బి.ఏ. చదివి 1947లో గుంటూరు జిల్లాలో కొద్ది వారాలపాటు సబ్‌రిజిస్ట్రారుగా పనిచేసిన యువకుడు, ఆస్తులు చేతులు మారే ఆ కార్యాలయాన్ని వదిలి 1949లో 'మనదేశం'తో తెర మీదికొచ్చాడు. తమ్ముడు త్రివిక్రమరావుతో కలిసి నేషనల్ ఆర్ట్ థియేటర్ పేరిట సినిమాలు తీశాడు. తర్వాత హైదరాబాదు నాచారంలో రామకృష్ణా స్టూడియో కట్టాడు. నటుడు నిర్మాతగా, స్టూడియో యజమానిగా మారడం ఇక్కడ ముఖ్యం. ముఖం ఒక వ్యక్తితో పోతుంది, స్టూడియో వారసులకు మిగులుతుంది.

కుటుంబం అంతా తెరకెక్కింది. బాలకృష్ణ 1974లో తండ్రి తీసిన 'తాతమ్మ కల'తో బాలనటుడిగా వచ్చాడు. 1977లో వచ్చిన 'దానవీరశూర కర్ణ'ను సాహిత్య విమర్శకులు మరొకసారి చూడాలి. దానికి దర్శకుడూ నిర్మాతా రామారావే. కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు పాత్రలూ ఆయనవే. సంభాషణలు కొండవీటి వెంకటకవివి. నిండు సభలో కర్ణుడి కులాన్ని అడిగినవాళ్లను దుర్యోధనుడు ఎదురు ప్రశ్నలతో నిలదీసే ఘట్టం తెలుగునాట వూరూరా నోళ్లలో నానింది. పుట్టుకకూ అర్హతకూ సంబంధం లేదన్న వాదానికి తెలుగు సినిమాలో అంతకుమించిన ప్రచారం జరగలేదు. అదే చిత్రంలో అర్జునుడు హరికృష్ణ, అభిమన్యుడు బాలకృష్ణ. మాటల్లో కర్ణుడి పక్షం, పాత్రల పంపకంలో కురువంశం. రాబోయే రాజకీయానికి ఇది ముందుమాట అయింది.

1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. 1978-83 మధ్య అయిదేళ్లలో కాంగ్రెసు రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులను ఇచ్చింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. నలుగురూ ఢిల్లీ కుటుంబం మాట మీద వచ్చి ఆ మాట మీదే నిలిచినవాళ్లు. అంజయ్యకు బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ చేతిలో జరిగిన అవమానం ఆత్మగౌరవ నినాదానికి వూపిరి పోసింది. కాబట్టి తెలుగుదేశం పుట్టుకలోనే ఒక కుటుంబ పాలన మీద తిరుగుబాటు వుంది. 1983 జనవరి ఎన్నికల్లో 294 స్థానాల్లో రెండు వందలకు పైగా గెలిచి తొమ్మిది నెలల పార్టీ అధికారంలోకి వచ్చింది. కిలో రెండు రూపాయల బియ్యం పేదవాడి ఇంటికి చేరింది. దీన్ని తక్కువ చేసి చూడనక్కరలేదు.

అయితే ఆ ప్రభుత్వానికి ఆధారమైన వర్గం ఏదో కూడా మరువకూడదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. కారంచేడు ముఖ్యమంత్రి వియ్యాలవారి వూరు. బంధుత్వాలు ఏ పొలం గట్ల మీదుగా సాగాయో దళితులకు ఆనాడే తెలుసు. కారంచేడు తర్వాత దళిత మహాసభ పుట్టింది, తెలుగు సాహిత్యంలో దళితవాదం తలెత్తింది.

ఇల్లరికం

కోస్తా, రాయలసీమల్లో రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఇల్లరికం ఒక పాత ఆచారం. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి న్యాయస్థానాలు కూడా దీన్ని ప్రత్యేక ఆచారంగా గుర్తించాయి. కూతుర్నిచ్చి అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుంటారు. అతడు మామ సేద్యం చూస్తాడు, వ్యవహారం చక్కబెడతాడు, ఆస్తి పెంచుతాడు. ప్రతిఫలంగా కొడుకుతో సమానమైన వాటా వస్తుంది. ఇది దత్తత కాదు. అతడి ఇంటిపేరు మారదు, పుట్టింటి ఆస్తి మీద హక్కూ పోదు. ఆప్యాయత మాట అటుంచితే ఇల్లరికం అంటే శ్రమకూ వాటాకూ కుదిరిన ఒప్పందం.

నారా చంద్రబాబు నాయుడు చిత్తూరు జిల్లా నారావారిపల్లెవాడు. 1978లో చంద్రగిరి నుంచి కాంగ్రెసు శాసనసభ్యుడయ్యాడు, అంజయ్య మంత్రివర్గంలో చేరాడు. 1981లో రామారావు కూతురు భువనేశ్వరిని పెళ్లాడాడు. 1983లో కాంగ్రెసు తరఫునే నిలబడి మామ పార్టీ చేతిలో వోడిపోయాడు. ఆ తర్వాత మామ పార్టీలోకి వచ్చాడు. వచ్చి ఏంచేశాడన్నది కీలకం. 1984 ఆగస్టులో గవర్నరు రాంలాల్ రామారావును తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేసినప్పుడు, శాసనసభ్యులు చేజారకుండా కర్ణాటక శిబిరాల్లో కాపలా కాయడంలో, లెక్క తప్పకుండా చూడడంలో అల్లుళ్లు ముందున్నారు. సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. జనం రోడ్ల మీద పోరాడారు. శిబిరం మాత్రం అల్లుళ్ల చేతిలో వుంది. అప్పటినుంచి పార్టీ కమిటీలు, సభ్యత్వం, శిక్షణ, టికెట్ల లెక్క - అంటే సేద్యమంతా - ఇంటల్లుడి చేతిలోకి వెళ్లింది.

1994 డిసెంబరులో తెలుగుదేశం 216 స్థానాలు గెలిచింది. కాంగ్రెసుకు మిగిలినవి 26. అంతటి విజయం వచ్చిన తొమ్మిది నెలలకే, 1995 ఆగస్టు చివర, హుస్సేన్‌సాగర్ వొడ్డున వైస్రాయ్ హోటల్లో శాసనసభ్యుల శిబిరం వెలిసింది. పదకొండేళ్ల క్రితం మామను నిలబెట్టిన సాధనమే ఈసారి మామను దించింది. సెప్టెంబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యాడు. కొడుకు హరికృష్ణ, మరో అల్లుడు దగ్గుబాటి వెంకటేశ్వరరావు అప్పుడు ఆయన పక్షానే వున్నారు. 1996 జనవరి 18న రామారావు మరణించారు.

ఆ తిరుగుబాటుకు చెప్పిన కారణాన్ని పరిశీలించాలి. 1993లో రామారావు పెళ్లి చేసుకున్న లక్ష్మీపార్వతి పార్టీ వ్యవహారాల్లో జోక్యం చేసుకుంటున్నదన్నారు. ఆమె పద్ధతులు మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ. ఆ వాదన నిలబడ్డ పునాది ఏమిటన్నదే మనకు కావాలి. కొడుకులు, అల్లుళ్లు పార్టీలో వుంటే అది జోక్యం కాలేదు, రెండో భార్య వుంటే జోక్యం అయింది. ఎందుకు? పార్టీని ఉమ్మడి కుటుంబపు ఆస్తిగా అప్పటికే అందరూ మనసులో వొప్పుకున్నారు కనుక. ఉమ్మడి ఆస్తిలో ఆలస్యంగా వచ్చిన భార్య అందరికీ పరాయిదే. అంటే 1995లో పోట్లాట వారసత్వానికీ ప్రజాస్వామ్యానికీ మధ్య జరగలేదు. ఎవరు సిసలైన వారసులన్న దాని మీద జరిగింది.

ముఖం ఒకరికి, పార్టీ మరొకరికి

తర్వాతి సంఘటనలు మన ప్రశ్నకు సమాధానం ఇస్తాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో చంద్రబాబు తెలుగుదేశం 16 స్థానాలు గెలిచింది. లక్ష్మీపార్వతి పక్షానికి ఒక్కటీ రాలేదు. హరికృష్ణ బావతో విభేదించి 1999లో అన్న తెలుగుదేశం పెట్టాడు. చైతన్యరథం నడిపిన కొడుకు, తండ్రి పోలికలున్న కొడుకు, పార్టీ పేరులోనే 'అన్న'ను పెట్టుకున్న కొడుకు. ఒక్క స్థానం కూడా రాలేదు. తండ్రి 1983లో గెలిచిన గుడివాడలో తానే వోడిపోయాడు. చివరకు పాత పార్టీలోకే తిరిగివచ్చి 2008లో రాజ్యసభకు వెళ్లాడు. 2018లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు. అదే ఏడు ఆయన కూతురు సుహాసినిని కూకట్‌పల్లిలో నిలబెట్టారు. ఆమె కూడా వోడిపోయింది. 2009 ఎన్నికల్లో తాత పేరూ తాత ఠీవీ వున్న మనవడు జూనియర్ ఎన్‌టిఆర్ వూరూరా ప్రచారం చేశాడు. పార్టీ గెలవలేదు.

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటే జనం ఎల్లకాలం వాసన చూడరు. రక్తమే కారణమైతే హరికృష్ణ గెలవాలి. ముఖమే కారణమైతే మనవడి ప్రచారం గెలిపించాలి. రెండూ జరగలేదు. సంక్రమించినది యంత్రాంగం: శాసనసభ్యుల జాబితా, జిల్లా కమిటీలు, ఎన్నికలకు పెట్టుబడి పెట్టేవాళ్లతో సంబంధాలు, టికెట్టు ఇచ్చే సంతకం. అది ఎవరి చేతిలో వుంటే పేరు వాళ్లకు పనిచేస్తుంది. యంత్రాంగం లేని పేరు ఫోటోగా మిగులుతుంది.

పేరును, యంత్రాంగాన్ని తిరిగి ఒక్కచోట చేర్చిన సాధనం మేనరికం. చంద్రబాబు కొడుకు లోకేశ్, బాలకృష్ణ కూతురు బ్రాహ్మణి 2007లో పెళ్లి చేసుకున్నారు. ఇద్దరికీ రామారావు తాతే. పొలం గట్లు చీలకుండా మేనరికం చేసుకోవడం తెలుగు రైతు కుటుంబాలకు పరిపాటి. ఇష్టాయిష్టాలు ఆ ఇంటివాళ్ల సొంత విషయం. కాని ఫలితం మాత్రం రాజకీయమైనది. నందమూరి పేరు, నారావారి యంత్రాంగం ఒక ఇంట్లో కలిశాయి. బాలకృష్ణ మరో అల్లుడు శ్రీభరత్ ఒకవైపు మాజీ ఎంపీ, గీతం విద్యాసంస్థల స్థాపకుడు ఎం.వి.వి.ఎస్. మూర్తి మనవడు, మరోవైపు కేంద్ర మంత్రిగా చేసిన కావూరి సాంబశివరావు మనవడు.

2024 ఎన్నికల తర్వాత లెక్క చూడండి. కుప్పం నుంచి చంద్రబాబు ముఖ్యమంత్రి. 2019లో వోడిన మంగళగిరిలోనే గెలిచిన లోకేశ్ మంత్రి. హిందూపురం నుంచి బాలకృష్ణ శాసనసభ్యుడు. విశాఖపట్నం నుంచి శ్రీభరత్ ఎంపీ. రాజమండ్రి నుంచి పురంధేశ్వరి ఎంపీ. 1995లో చీలిన కుటుంబంలో ఈమె దారి వేరు. కాంగ్రెసులో చేరి కేంద్ర మంత్రి అయింది, 2014లో బిజెపిలో చేరింది. పార్టీలు మూడయినా ఇల్లు ఒక్కటే. హిందూపురమైతే ఇంటి మడిచెక్కలా వుంది. 1985, 1989, 1994 తండ్రివి. 1996 ఉపఎన్నిక ఒక కొడుకుది. 2014, 2019, 2024 మరో కొడుకువి.

మిగతా ఇళ్లు

ఇది ఒక్క ఇంటి కథ అయితే ఇంత రాయనక్కరలేదు. పులివెందుల శాసనసభ స్థానం 1978లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి గెలిచినప్పటినుంచి 2024 దాకా ఆ కుటుంబం చేయి దాటలేదు. అన్న, తమ్ముడు, బాబాయి, భార్య, కొడుకు - ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు. 2008లో కొడుకు నడిపే దినపత్రిక వచ్చింది. 2009 సెప్టెంబరు 2న తండ్రి హెలికాప్టరు ప్రమాదంలో చనిపోయారు. 2011లో కొడుకు జగన్‌మోహన్ రెడ్డి పార్టీ వచ్చింది. దాని పూర్తి పేరు యువజన శ్రామిక రైతు కాంగ్రెసు. యువజనులు, శ్రామికులు, రైతులు - చరిత్రను నడిపే మూడు శక్తులు ఒక తండ్రి పేరుకు పొడి అక్షరాలుగా మిగలడం మన రాజకీయ భాషకు జరిగిన విచిత్రం. 2022 జూలైలో ఆ పార్టీ ప్లీనరీ అధ్యక్ష పదవిని శాశ్వతం చేయబోతే ఎన్నికల సంఘం అది ప్రజాస్వామ్య విరుద్ధమని అభ్యంతరం చెప్పింది. చెల్లెలు షర్మిల 2021లో తెలంగాణాలో వేరే పార్టీ పెట్టి, 2024లో కాంగ్రెసులో కలిసి, కడపలో సొంత బంధువు మీదే పోటీ చేసి వోడిపోయింది.

తెలంగాణాలో కథ మరో చోట మొదలైంది. కల్వకుంట్ల చంద్రశేఖరరావు 1985లో సిద్దిపేట నుంచి తెలుగుదేశం శాసనసభ్యుడయ్యాడు. కొడుక్కు తారక రామారావు అని పేరు పెట్టుకున్నాడు. 2001లో ఆ పార్టీని వీడి తెలంగాణా రాష్ట్ర సమితి పెట్టాడు. ఆ ఉద్యమానికి విద్యార్థులు, ఉద్యోగులు, కవులు, గాయకులు ప్రాణం పోశారు. ఎందరో ప్రాణాలే ఇచ్చారు. 2014లో రాష్ట్రం వచ్చేసరికి తండ్రి ముఖ్యమంత్రి, కొడుకు మంత్రి, మేనల్లుడు మంత్రి, కూతురు ఎంపీ. 2023లో అధికారం పోయింది. 2025 సెప్టెంబరులో కూతురు కవిత పార్టీ నుంచి సస్పెండయింది. మూడు ఇళ్లలోనూ తగువు ఆడవాళ్ల వాటా దగ్గరే బయటపడడం యాదృచ్ఛికం కాదు. 1986 చట్టం పొలంలో కూతురికి వాటా ఇచ్చింది. పార్టీలో ఇవ్వలేదు.

మా తుర్కపల్లి మేడ్చల్ నియోజకవర్గంలోది. 1978లో చెన్నారెడ్డి ఇక్కడినుంచే గెలిచారు. ఆయన కొడుకు శశిధరరెడ్డి తర్వాత సనత్‌నగర్ శాసనసభ్యుడయ్యాడు. 2023లో మేడ్చల్‌లో విద్యాసంస్థల అధిపతి చామకూర మల్లారెడ్డి, పక్కనే మల్కాజిగిరిలో ఆయన అల్లుడు మర్రి రాజశేఖరరెడ్డి ఒకే పార్టీ తరఫున గెలిచారు. ఒకప్పుడు ఈ భూములు నిజాం సర్ఫేఖాస్, అంటే రాజుగారి సొంత ఖర్చుల కోసం కేటాయించిన ఇలాకా. 1949లో సర్ఫేఖాస్ పోయింది, జాగీర్లు పోయాయి. వోటు వచ్చింది. వోటుతో పాటు వోటు జాగీర్లు కూడా వచ్చాయి.

రాచరికమే ఎరుగని అమెరికాలోనూ ఇంతే. ప్రభు బిరుదులను రాజ్యాంగంలోనే నిషేధించిన దేశం అది. అయినా ఆడమ్స్‌లలో తండ్రీకొడుకులు, బుష్‌లలో తండ్రీకొడుకులు అధ్యక్షులయ్యారు. కెనెడీల కథ మనకు మరీ దగ్గరగా వుంటుంది. ఐర్లండు నుంచి పొట్టచేతబట్టుకు వచ్చిన కుటుంబం. ఒక తరం బోస్టనులో సారా దుకాణంతో మొదలై శాసనసభకు వెళ్లింది. తర్వాతి తరంలో జోసెఫ్ కెనెడీ బ్యాంకుల్లో, షేర్లలో, హాలీవుడ్ సినిమా కంపెనీల్లో డబ్బు సంపాదించాడు. మూడో తరంలో జాన్ అధ్యక్షుడు, రాబర్ట్ అటార్నీ జనరల్, ఎడ్వర్డ్ సెనెటరు. 1960లో జాన్ అధ్యక్షుడిగా ఎన్నికై సెనెటు స్థానం వదిలితే చిన్న తమ్ముడికి ఇంకా ముప్పయ్యేళ్లు నిండలేదు. అందుకని ఒక కుటుంబ మిత్రుణ్ణి ఆ కుర్చీలో రెండేళ్లు కూర్చోబెట్టారు. 1962లో తమ్ముడికి వయసొచ్చింది, కుర్చీ వచ్చింది. 2009లో చనిపోయేదాకా దిగలేదు. అన్న తమ్ముణ్ణి మంత్రిని చేసుకోవడం మీద విమర్శలు వచ్చాక 1967లో బంధువుల నియామకాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చారు. 2025లో రాబర్ట్ కొడుకు మరో పార్టీ అధ్యక్షుడి కింద ఆరోగ్య మంత్రి అయ్యాడు. చట్టం నియామకాన్ని ఆపగలిగింది. పేరునూ డబ్బునూ ఆపలేకపోయింది.

టికెట్టు అనే పట్టా

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. వైద్యుడి కొడుకు వైద్యుడవుతున్నాడు, నాయకుడి కొడుకు నాయకుడైతే తప్పేమిటి? జనమే కదా వోటేసి గెలిపిస్తున్నది? మొదటిదానికి జవాబు సులువు. వైద్యుడి కొడుకు పరీక్ష పాసు కావాలి. రోగులను తండ్రి వీలునామాలో రాసివ్వలేడు. రెండోది ఆలోచించవలసిన మాట. జనం వారసులను వోడిస్తూనే వున్నారు. 1999లో హరికృష్ణను, 2019లో మంగళగిరిలో లోకేశ్‌ను, అదే ఏడు నిజామాబాదులో కవితను వోడించారు. 2020లో మసాచుసెట్స్‌లో మరో కెనెడీని సొంత పార్టీవాళ్లే వోడించారు. వోటరు బుద్ధిహీనుడు కాడు. కాని వోటరు దగ్గరికి వచ్చేసరికే ఎంపిక సగం పూర్తయివుంటుంది. ఎవరు నిలబడాలన్నది టికెట్టు తేలుస్తుంది. టికెట్టు పార్టీ అధ్యక్షుడి సంతకం. ఎన్నికల ఖర్చు పెరిగే కొద్దీ ఆ సంతకం విలువ పెరుగుతుంది.

గెలిచినవాడి మెడకు మరొక తాడు వుంది. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిషేధం ప్రకారం విప్పు ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. మొదట్లో మూడో వంతు సభ్యులు విడిపోతే చీలికగా వొప్పుకునేవారు. 2003 సవరణతో అదీ తొలగించారు. గోడదూకుళ్లను ఆపడానికి పుట్టిన చట్టం, పార్టీ ఒక ఇంటి సొత్తయిన చోట ఇంటి పెద్దకు కర్రగా పనిచేస్తుంది. పార్టీలో నిజమైన ఎన్నికలు లేవు, లెక్కల మీద కార్యకర్తకు అధికారం లేదు, పైన విప్పు వుంది. ఈ మూడూ కలిసినచోట ఉమ్మడి కుటుంబపు కర్త తప్ప మరొక నాయకుడు మొలకెత్తడు. పట్వారీ చేతిలో భూమి లెక్క వున్నట్టే ఈయన చేతిలో టికెట్ల లెక్క వుంటుంది.

ఈ రోగం పైనుంచి కిందికి దిగుతుంది. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత మహిళలకు రిజర్వయిన పంచాయతీల్లో భార్య సర్పంచి, భర్త పెత్తనం అన్న దృశ్యం చూడని పల్లె లేదు. వంతుల ప్రకారం స్థానం మారితే ఇంట్లో మనిషి మారతారు, ఇల్లు మారదు.

రచయితల పని

ఇందులో రచయితలకు సంబంధం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. 2019 ఏప్రిల్ ఎన్నికల ముందు తెలుగు తెర మీదికి వచ్చినవేమిటో గుర్తు చేసుకోవాలి. జనవరిలో, ఫిబ్రవరిలో రామారావు జీవితకథ రెండు భాగాలుగా వచ్చింది. తండ్రి పాత్రలో కొడుకే నటించాడు, కొడుకే నిర్మించాడు. ఫిబ్రవరిలోనే రాజశేఖరరెడ్డి పాదయాత్ర మీద 'యాత్ర' వచ్చింది. దాని రెండో భాగం 2024 ఎన్నికల ముందు వచ్చింది. రామారావు కథ రెండో భాగం 1984 సంక్షోభాన్నీ భార్య బసవతారకం మరణాన్నీ చూపించి ఆగిపోయింది. 1995 అందులో లేదు. ఆ 1995ను కథగా తీసుకున్న మరో చిత్రం ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు ముగిసేదాకా విడుదల కాలేదు.

నరసనాయకుడు సంరక్షకుడి నుంచి రాజ్యాధికారిగా ఎలా మారాడో ప్రబంధపు అవతారిక ఎందుకు నిలదీయదో ఈ చిత్రమూ 1995ను అందుకే దాటవేసింది. వంశావళిలో ఏముందన్నదాని కంటే ఏ తేదీ లేదన్నది ఎక్కువ చెబుతుంది. నేటి అవతారికలు రాస్తున్నది కూడా కవులే. పుట్టినరోజు ప్రత్యేక సంచికలు, వర్ధంతి వ్యాసాలు, పాటలు, పాదయాత్ర పుస్తకాలు - వీటిలో షష్ఠ్యంతాలు లేవన్న మాటేగాని మిగతావన్నీ వున్నాయి. ఉద్యమాల్లో గొంతెత్తిన కలాలు ఉద్యమం గెలిచాక కుటుంబానికి కృతులివ్వడం ఈ తరం కళ్లారా చూసింది.

1984లో పట్వారీ పోవడం ఆర్డినెన్సు పుణ్యమేనని అనుకుంటే సగమే తెలిసినట్టు. ఆ సంచీ పట్టుకున్నవాడికి వూరి మీద దైవదత్తమైన హక్కేమీ లేదని తెలంగాణా రైతాంగం 1946-51 మధ్య తుపాకుల ముందు నిలబడి తేల్చింది. పాటలు, బుర్రకథలు, నాటకాలు ఆ మాటను ఇంటింటికీ మోశాయి. చట్టం ముప్పై ఏళ్లు ఆలస్యంగా వచ్చి సంతకం పెట్టింది. టికెట్టు మిరాసీకి అటువంటి ఆర్డినెన్సు దానంతటది రాదు. రద్దు చేయవలసినవాళ్లే దాన్ని అనుభవిస్తున్నారు. ముందుగా అది మిరాసీ అని పేరుపెట్టి పిలవాలి, వంశావళిలో లేని తేదీలను రాసిపెట్టాలి. కారంచేడు తేదీ ఏమిటి, వైస్రాయ్ తేదీ ఏమిటి, ఉద్యమంలో చనిపోయిన పిల్లల పేర్లేమిటి అని పదో తరగతి పిల్లవాడు అడిగితే చెప్పగలిగే సాహిత్యం మన దగ్గర వుండాలి.